అద్దాలకిచ్చిన గది

కారు అద్దాన్ని పడుకోబెట్టకూడదు, నిలబెట్టాలి. ఈ సంగతి నాకు తెలుసు, మా ఆయనకు తెలియదు. మా ఇంట్లో చాలా గొడవలు ఇలాగే మొదలవుతాయి.

ఉద్యోగం అయిపోయిన మగవాడికి భక్తి రావాలి, లేదంటే బీపీ రావాలి. మా ఆయనకు కారు వచ్చింది. మా యానాం పక్కన అడవిపొలం ఊళ్ళో ఎవరిదో కొబ్బరితోటలో, ఎండుమట్టల కింద, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఒక పాత అంబాసిడర్‌ను చూసి వచ్చి, ఆ సాయంత్రం అన్నం కూడా సరిగ్గా తినలేదు. పెళ్ళిచూపుల్లో నన్ను చూసి వెళ్ళిన రోజు మాత్రం రెండోసారి పులుసు వేయించుకున్నారట. వాళ్ళ అక్కే చెప్పింది నాకు. ఆ అక్క గురించే ఇదంతా రాస్తున్నాను. కానీ ముందు అద్దాలు రావాలి, ఎందుకంటే మా ఇంట్లోనూ ముందు అవే వచ్చాయి.

కారును మెట్టకూరులో ఒక మేస్త్రి షెడ్డుకు చేర్చారు. తుప్పు పట్టిన రేకు కోసి కొత్త రేకు అతకాలి, రంగు వెయ్యాలి, సీట్లు కుట్టించాలి. అద్దాలన్నీ ఊడదీసిన రోజు మేస్త్రి మా ఆయనను పక్కకు పిలిచాడు.

"అద్దాలు మాత్రం ఇంటికి అట్టుకుపొండి సార్. ఇక్కడ గ్రైండరు రవ్వలు ఎగురుతాయండి. అద్దం మీద పడ్డాయంటే ఇంక ఆ మచ్చలు పోవండి. తర్వాత నన్నంటే నేనొప్పుకోనండి, ఆయ్."

అలా ఒక ట్రాలీ ఆటోలో, గోనెసంచుల మధ్య, అద్దాలు మా గుమ్మంలోకి దిగాయి. వంపు తిరిగిన ముందద్దం, వెనకద్దం, తలుపుల అద్దాలు, మూలల్లో ఉండే ముక్కోణపు చిన్న అద్దాలు. వాటి వెనక మా ఆయన, బారసాల నాటి తండ్రిలా.

"మంచం కింద గోనెపట్టా పరిచి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టేస్తే సరి. మధ్యలో పేపర్లు వేద్దాం," అన్నారు.

"వేసి, రంజాన్‌కో క్రిస్మస్‌కో తీసి చూడండి. పేపరు చెమ్మ పీల్చి అద్దానికి అతుక్కుపోయి, మొన్నటి వార్తలన్నీ మీ కారు మీద చదువుకోవచ్చు."

"నీకెలా తెలుసు?"

"నేను కెమిస్ట్రీ చదివాను. మీరు కామర్సు చదివారు."

"కెమిస్ట్రీలో కారు అద్దాలు చెప్తారా?"

"చెమ్మ గురించి చెప్తారు. యానాంలో ఉంటూ చెమ్మ గురించి తెలియకపోతే మీ కామర్సుకు కూడా సిగ్గే."

నిజం చెప్పాలంటే అప్పటికప్పుడు నాకు కూడా పెద్దగా ఏమీ తెలియదు. కానీ నోరు జారాక తెలుసుకోవాలి కదా, తెలుసుకున్నాను. రెండు రోజులు ఫోన్‌లో అదే పని. వంపు అద్దాన్ని పడుకోబెడితే దాని బరువుకు అదే వంగి, పైన మరొకటి పడితే నడిమికి చీలుతుంది. తలుపుల అద్దాలు, వెనకద్దం గట్టిపరిచిన రకం. నడిమిన గుద్దినా తట్టుకుంటాయి గానీ, అంచుకు సిమెంటు గచ్చు తగిలిందా, గుప్పెడు పటికబెల్లంలా రాలిపోతాయి. పాలిథిన్ చుట్టకూడదు, లోపల చెమట పడుతుంది. ముందు కడగాలి, ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా బట్టతో పాటు తిరిగి గీత పెడుతుంది. కింద మెత్తగా, మధ్యలో మెత్తగా, నిలువుగా, కాస్త వాలుగా.

అన్నీ చేశాను. కాగితపు టేపు ముక్కలు అంటించి "ఎడమ ముందు", "కుడి వెనక" అని రాశాను. అద్దాల చుట్టూ ఉండే రబ్బరు బీడింగులకు పౌడరు రాసి చుట్ట చుట్టి వేలాడదీశాను. వరండా మూలలో చెక్కబల్ల వేసి, దానిమీద పాత తివాచీ పరిచి నిలబెట్టాను. మా ఆయన వచ్చి చూసి, "బాగానే ఉంది," అన్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం అంటే మామూలు విషయం కాదు. ఆ వారమంతా ఆ మాట మీదే బతికాను.

ఇప్పుడు వదిన.

మా ఆయనకు సొంత అక్క. దరియాలతిప్పలో అత్తవారిల్లు. పిల్లలు లేరు. భర్త పోయాక, మరిది కుటుంబం ఉండమన్నా, తమ్ముడి దగ్గరికి వచ్చింది. వచ్చినప్పుడు ఒక ట్రంకు పెట్టె, తన పెళ్ళినాటి పందిరిమంచం తెచ్చుకుంది. నాలుగు మూలలా పొడవాటి కోళ్ళు, పైన దోమతెర కట్టుకునే చట్రం, నాలుగు వైపులా అడ్డపట్టెలు ఉన్న బరువైన టేకు మంచం. వెనక గదిలో అది వేశాక ఇక మనిషి తిరగడానికి సందు మాత్రమే మిగిలింది. ట్రంకు పెట్టె నిండా బొంతలు. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి తనే కుట్టిన బొంతలు. చేతిలో సూది లేకుండా ఆమెను చూసిన రోజులు తక్కువ.

మాట కూడా సూదిలాగే వాడుతుంది, అవసరమైన చోట, చిన్నగా. నేను రోజుకు వంద మాటలంటే ఆమె నాలుగు అంటుంది, అందులో రెండు "సరేలే". పొద్దున్నే లేచి మంచినీళ్ళు పట్టేది, చేపలు శుభ్రం చేసేది, నేను స్నానం చేసి వచ్చేసరికి కాఫీ డికాషన్ దిగి ఉండేది. నేను ఎప్పుడూ చెయ్యమని చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు.

శ్రావణంలో గోదావరి పెరిగింది. మాకు ఇది కొత్త కాదు. పైన బ్యారేజీ దగ్గర హెచ్చరిక పెట్టారని టీవీలో చెప్పగానే మా వీధిలో అందరూ బియ్యం బస్తాలు, గ్యాసు బండలు ఎత్తు మీదికి సర్దుకుంటారు. మా వరండా రోడ్డుకు ఒక మెట్టు ఎత్తు, అంతే. ఆ సాయంత్రం మా ఆయన వరండాలో నిలబడి, ఒకసారి వీధి వైపు, ఒకసారి అద్దాల వైపు చూస్తున్నారు. అక్కడికి వదిన వచ్చింది.

"నా మంచం మీద పెట్టండ్రా. ఎత్తుగా ఉంటది."

"నీకో మరి?" అన్నారు మా ఆయన.

"హాల్లో పడుకుంటాలే. నీళ్ళు తీసేదాకా ఎంతసేపు?"

"రెండు రోజులే వదినా," అన్నాను నేను.

ఆ పందిరిమంచం అద్దాల కోసమే చేసినట్టుంది. పరుపు మీద బొంత, దాని మీద పెద్దద్దం వంపు కోళ్ళకు ఆనేలా నిలబెట్టి, మెత్తటి చీరపేలికలతో కోళ్ళకు కట్టాను. ఒక్కో అద్దం మధ్యా ఒక్కో బొంత మడత. అడ్డపట్టెలు ఉన్నాయి కాబట్టి జారే ప్రశ్నే లేదు. బొంతలు చాలకపోతే వదినే ట్రంకు తెరిచి అందించింది. అందిస్తూ ఒక బొంత అంచు తడిమి, "ఇది మా అమ్మ చీరలతో కుట్టింది, కాస్త చూసి కట్టమ్మాయ్," అంది. అప్పుడు నా ధ్యాసంతా ముడి ఎక్కడ వెయ్యాలన్న దాని మీదే. ఆఖరున దోమతెర దించాను, దుమ్ము పడకుండా. దూరం నుంచి చూస్తే ఎవరో గొప్పింటివాళ్ళు పడుకున్నట్టుంది.

నీళ్ళు మా మెట్టు దాకా వచ్చి, ఆలోచించుకుని, వెనక్కి వెళ్ళిపోయాయి. అద్దాలు మాత్రం వెళ్ళలేదు.

వానలు తగ్గలేదు, గాలిలో తడి ఉంటే రంగు తెల్లబడుతుందన్నాడు మేస్త్రి. ఆ తర్వాత రంగు కలిపేవాడికి జ్వరం. ఆ తర్వాత తలుపు బిజాగిరీలు దొరకలేదు. ఈలోపు అద్దాలను మళ్ళీ వరండాలోకి మార్చుదామని మా ఆయన ఒకటి రెండుసార్లు అన్నారు. నేనే వద్దన్నాను. ఎత్తి దించిన ప్రతిసారీ ప్రమాదమే, మళ్ళీ వరద హెచ్చరిక వస్తే మళ్ళీ ఎత్తాలి, ఇప్పుడు కుదురుగా ఉన్నాయి కదా. నా వాదనలో తప్పు వెతకండి చూద్దాం, దొరకదు. వరండా కాకపోతే మంచం, మంచం అంటే వదిన మంచం. మా ఇద్దరి మంచం కూడా ఇంట్లోనే ఉందన్న విషయం ఎవరికీ తట్టలేదు. ఎవరికీ తట్టలేదని రాయడం తేలిక. నాకు తట్టింది. ఒకసారి దుప్పటి మారుస్తుండగా తట్టింది. ఆయనకు నడుం నొప్పి కదా అనుకుని దుప్పటి మార్చేశాను.

శ్రావణంలో మంచమెక్కిన అద్దాలు కార్తీకం వచ్చినా దిగలేదు. వదిన హాల్లో చాప మీద. మా ఆయన టీవీలో క్రికెట్ అయ్యేదాకా ఆమెకు పడుకోవడానికి చోటు ఉండదు, కూర్చుని కుట్టుకునేది. గుడ్డలు తీసుకోవాలంటే తన గదిలోకి వెళ్ళి, మంచానికీ గోడకీ మధ్య పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చి, బస్సులో కండక్టరు నడిచినట్టు నడిచి బీరువా దగ్గరికి చేరేది. తను ముట్టుకోకూడదని నేనెప్పుడూ అనలేదు. "చూసుకుని వదినా," అనేదాన్ని, అంతే. ఆమె గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ అనేదాన్ని.

ఒక పొద్దున కాఫీ ఇస్తూ అడిగింది.

"అమ్మాయ్, ఆ చివర మడత పెట్టిన బొంత ఒకటి తీసుకోనా? తెల్లారగట్ల గచ్చు చల్లగా ఉండి కాళ్ళు లాగుతున్నాయి."

"ఏ బొంత?"

"అదే, వెనకద్దానికి ఆనుకుని ఉందే. అమ్మ చీరలది."

"అది తీస్తే వెనకద్దం వెళ్ళి తలుపద్దానికి తగుల్తుంది వదినా. అంచుకి అంచు తగిలితే ఇంక అంతే, మొత్తం పొడైపోతుంది. మీకు కావలసింది వెచ్చదనం, వాటికి కావలసింది మెత్తదనం. దుప్పటితో మీకు సరిపోతుంది, వాటికి సరిపోదు. ఉండండి, కొత్త రగ్గు ఉంది, అదిస్తాను."

ఎంత చక్కగా చెప్పానో చూడండి. వెచ్చదనం, మెత్తదనం. అలా ప్రాస కుదిరినందుకు ఆ పూటంతా నాకు నేనే నచ్చాను.

"సరేలే," అంది.

ఆ రగ్గు నూలుది కాదు. కప్పుకుంటే ఒళ్ళు దురద పెడుతుంది. ఆ సంగతి మాకూ తెలుసు, అందుకే అది కొత్తగా ఉండిపోయింది.

కార్తీకం చివర్లో కాకినాడ నుంచి మా ఆయనలాంటి జబ్బే ఉన్న ఇద్దరు, భార్యలతో సహా వచ్చారు. పాత కార్లు బాగుచేసుకునేవాళ్ళు. ముందు మెట్టకూరు వెళ్ళి కారు చూసి, భోజనానికి మా ఇంటికి. చేపల పులుసు వదిన చేసింది. తిని, మెచ్చుకుని, ఆ మెప్పు నా ఖాతాలో వేసి, "అద్దాలు మీరు చాలా బాగా దాచారటగా, చూపించండి," అన్నారు.

అడిగితే చాలు కదా. వెనక గది తలుపు తీసి, దోమతెర ఎత్తి, మొదలుపెట్టాను. ఎందుకు నిలబెట్టాలి, ఎందుకు పేపరు వాడకూడదు, ఎందుకు పాలిథిన్ వద్దు. వాళ్ళలో ఒకాయన తన ముందద్దం అటక మీద పడుకోబెట్టి పగలగొట్టుకున్నాడట, తల పట్టుకున్నాడు. ఆయన భార్య, "విను, విను, నేను చెప్తే వినలేదుగా," అంది. నాకు ఆవిడ వెంటనే నచ్చింది. ఆవిడే బొంత అంచు పట్టుకుని చూసి, "ఎంత బాగా కుట్టారండీ! మీరేనా?" అని, సమాధానం కోసం ఆగకుండా, "ఈ గదిలో ఎవరుంటారండీ?" అంది.

"ఎవరూ ఉండరండీ. సామాన్ల గది," అన్నాను.

ఎందుకన్నాను? తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. వదిన గది అంటే, మరి ఆవిడ ఎక్కడ పడుకుంటున్నారని తర్వాతి ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న నాకు ముందే వినపడింది. వాదన అలవాటున్నవాళ్ళకు ఎదుటివాళ్ళ తర్వాతి మాట ముందే వినపడుతుంది, దానికి ముందే అడ్డుకట్ట వేస్తారు. నేనూ వేశాను. వేసి తలుపు వైపు తిరిగేసరికి, గడపలో వదిన, చేతిలో కాఫీల పళ్ళెంతో.

మొహంలో ఏమీ మారలేదు. "పట్టుకోమ్మా, వేడిగా ఉన్నాయి," అని పళ్ళెం ఆ ఆడవాళ్ళ ముందు పెట్టింది. గదిలోకి అడుగు పెట్టలేదు. గడప అవతల నిలబడే అందించింది. "ఈవిడ?" అని వాళ్ళు అడిగితే, అప్పుడే వరండాలోంచి వచ్చిన మా ఆయన "మా అక్కయ్య" అని గర్వంగా చెప్పారు. నేను ముక్కోణపు చిన్నద్దాన్ని చూపిస్తూ ఏదో మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున గుడ్డలు ఒక సంచిలో పెట్టుకుంది.

"దరియాలతిప్ప వెళ్ళొస్తానమ్మాయ్. మా తోటికోడలు రమ్మంటోంది. రెండు రోజులే."

రెండు రోజులే. ఆ మాట నాదే. ఆమె ఎత్తిపొడవడానికి అందో, మామూలుగా అందో నాకు తెలియదు. ఎత్తిపొడవడం ఆమెకు రాదనే అనుకుంటాను. అలా అనుకుంటే నాకు ఇంకా కష్టంగా ఉంది.

రెండు రోజులు పోయాయి, వారం పోయింది. మా ఆయన ఫోన్ చేస్తే, "ఉంటాలేరా, ఇక్కడ వీళ్ళకి రొయ్యల చెరువు పట్టుబడి ఉంది, రొయ్యలు పట్టేదాకా సాయంగా ఉంటాను," అంటుంది. మా ఇంట్లో నీళ్ళు ఎవరు పట్టాలో తెలియక, ఒక రోజు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. డికాషన్ నేనే వేస్తున్నాను, చేదుగా.

"నువ్వే వెళ్ళి తీసుకురా. మాట్లాడ్డం నీకే వచ్చుగా," అన్నారు మా ఆయన. ఆయనకు సామాన్ల గది సంగతి తెలియదు. ఆ మాట అన్నప్పుడు వరండాలో కారు కబుర్లలో ఉన్నారు. నేను చెప్పలేదు.

దరియాలతిప్ప వెళ్ళాను. వరండాలో వదిన కాళ్ళు చాపుకుని కుడుతోంది. ఎండ కాళ్ళ మీద పడుతోంది. నన్ను చూసి, "రామ్మా, ఎండనపడి వచ్చావు," అంది. లోపలి నుంచి తోటికోడలు వచ్చింది. పొట్టిగా, గట్టిగా, గొంతులో మైకు పెట్టుకుని పుట్టిన మనిషి. మామూలుగా నాకూ ఆవిడకూ పడితే ఊరంతా వింటుంది.

"ఏవండోయ్, వచ్చారా! మరి అక్కడ అద్దాలు ఒంటరిగా ఉన్నాయాండీ? నిద్ర లేచాయా, ఇంకా దోమతెరలోనే ఉన్నాయా?"

చెప్పులు విప్పి మెట్టు పక్కన పెట్టాను.

"కాళ్ళు పట్టే మనిషిని కూడా పెట్టారాండీ వాటికి? మా అక్కకి మాత్రం మోకాళ్ళు పట్టేసి, ఒచ్చిన రోజు మెట్టు ఎక్కలేకపోయిందండి. ఏంటక్కా అంటే చెప్పదు. మూడుసార్లడిగితే, గచ్చు చల్లగా ఉందంది. మంచమేమైందక్కా అంటే..."

"నువ్వూరుకోవే," అంది వదిన, దారం కొరుకుతూ. "నేనే ఇచ్చాను మంచం. వాళ్ళు అడగలేదు."

"నువ్విస్తే మాత్రం, తీసుకుని ఊరుకుంటారా?"

"ఊరుకోవే తల్లీ. కాఫీ పెట్టు."

ఆవిడ విసురుగా లోపలికి వెళ్ళింది. నేను వదిన పక్కన కూర్చుని మొదలుపెట్టాను. వచ్చే దారిలో ఆటోలో అంతా సిద్ధం చేసుకున్నాను. ఆ రోజు ఆ మాట ఎందుకొచ్చిందో, వాళ్ళు బయటివాళ్ళనీ, అన్నీ వివరించడం ఎందుకనీ, నా ఉద్దేశం అది కాదనీ, మేస్త్రి ఆలస్యం చేయబట్టే గానీ నేను అద్దాలు ఎప్పుడో తీయించేదాన్ననీ. చెప్తుంటే ఒక్కో మాటా సరిగ్గానే వస్తోంది. ఆమె వింటూ కుడుతోంది. నా మాటల మధ్య సూది టక్ టక్‌మని గుడ్డలో దిగుతోంది.

అంతా అయ్యాక అంది.

"ఇంతకీ ఏమైందమ్మాయ్ ఇప్పుడు? నువ్వు సర్దావు. నేను సర్దుకున్నాను. అంతేగా."

కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది, ఎదిరించేదాన్ని. నేను సర్దాను. బొంతలు సర్దాను, చీరపేలికలు సర్దాను, టేపు ముక్కల మీద ఏది ఎడమో ఏది కుడో రాసి సర్దాను. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో నాకు తెలుసు. మా ఆయనను గేలి చేస్తాను కదా అన్నీ పడేస్తారని. నేను ఒక వస్తువును చోటు తప్పించకుండా సర్దాలంటే ఎవరో ఒకరు సర్దుకోవాలని, ఆ ఎవరో ప్రతిసారీ ఒకే మనిషని, చదువుకున్నదాన్ని, మాటకు మాట తెలిసినదాన్ని, నాకు సర్దడం అన్న మాటలోనే ఇన్నాళ్ళూ వినపడలేదు. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు "కాస్త సర్దుకోవాలమ్మా" అంటే, "నేనెందుకు సర్దుకోవాలి?" అని వారం రోజులు మాట్లాడని మనిషిని నేను.

"రండి వదినా, ఇంటికి వెళ్దాం," అన్నాను.

"వస్తాలే. ఇది కుట్టడం అయ్యాక."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి దోమతెర ఎత్తాను.

"ఏం చేస్తున్నావ్?" అన్నారు మా ఆయన.

"అద్దాలు మన మంచం మీదికి."

"మనమెక్కడ పడుకుంటాం?"

"హాల్లో. చాప మీద."

"నా నడుం?"

"మీ అక్క మోకాళ్ళు పాడైనప్పుడు మీ నడుం ఎక్కడుంది?"

అప్పుడు చెప్పాను ఆయనకు, సామాన్ల గది సంగతి. ఆయన వచ్చి అద్దం ఒక చివర పట్టుకున్నారు. పెద్దద్దం మోస్తున్నంతసేపూ ఇద్దరి మధ్యా ఆ అద్దమే ఉంది, దాని లోంచి ఆయన మొహం నాకు, నా మొహం ఆయనకు కనిపిస్తూనే ఉన్నాయి. ఏది చూడాలో తెలియక అంచులు చూసుకుంటూ నడిచాం. మా మంచానికి అలాంటి పొడవాటి కోళ్ళు లేవు, అడ్డపట్టెలు లేవు. అయినా తలగడలు, సోఫా దిండ్లు, పాత దుప్పట్లు వేసి, కిటికీ చువ్వలకు కట్టి నిలబెట్టాను. నిలబడ్డాయి. మొదటి రోజే నిలబడి ఉండేవి.

బొంతలు ఉతికి, ఎండకు వేసి, ట్రంకులో పెట్టాను. వాళ్ళ అమ్మ చీరల బొంతకు ఒక చోట అద్దం అంచు గుచ్చుకుని చిరుగు పడింది. కుడదామని సూది తీశాను. నా కుట్టు ఆమె కుట్టు పక్కన ఎలా ఉంటుందో చూసుకుని ఊడదీశాను. మంచం తుడిచి, కొత్త దోమతెర కట్టి, ఫోన్ చేశాను.

"మీ మంచం ఖాళీగా ఉంది వదినా."

"అద్దాలు బిగించేశారా?"

"లేదు. మా మంచం మీద ఉన్నాయి."

"వాడికి నడుం నొప్పి కదే," అంది.

"రండి వదినా."

"వస్తాను," అంది.

వచ్చింది. ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనాల వేళకు. ఆటో ఆగిన చప్పుడు విని బయటికి పరిగెత్తాను. సంచి చిన్నది, వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళిన సంచి కాదు. రెండో చేతిలో డజను అరటిపళ్ళు, కాజాల పొట్లం.

"ఇవన్నీ ఎందుకు తెచ్చారు?" అన్నాను.

"ఉత్త చేతుల్తో ఎలా వస్తానమ్మాయ్?"

మా ఆయన ఆ పొట్లం అందుకుని, విప్పి, ఒక కాజా నోట్లో వేసుకుని, "అక్కా, నీకింకా గుర్తుందే నాకివి ఇష్టమని!" అని మురిసిపోయారు. మగవాళ్ళకు దేవుడిచ్చిన వరం అది. నాకు మాత్రం ఆ అరటిపళ్ళు చేతిలో పెట్టగానే అర్థమైంది. ఇన్నేళ్ళలో ఆమె బయటికి వెళ్ళి వస్తే కరివేపాకో, కొత్తిమీరో, మాకు కావలసిందేదో తెచ్చేది. పళ్ళు, మిఠాయి తేలేదు. పళ్ళు, మిఠాయి ఎవరింటికి వెళ్తూ తీసుకెళ్తారో అందరికీ తెలుసు.

హాల్లో కుర్చీలో కూర్చుంది. "కాసిన్ని మంచినీళ్ళిస్తావా?" అంది. మా వంటింట్లో బిందె ఎక్కడుంటుందో నాకన్నా ఆమెకే బాగా తెలుసు. నీళ్ళు ఇచ్చాను. భోజనం దగ్గర, "పులుసు బాగుందమ్మాయ్," అని మెచ్చుకుంది. బాగా లేదు, ఉప్పెక్కువైంది. తను తిన్న కంచం తీయబోతే నేను పట్టుకున్నాను, వదిలేసింది. ఇదివరకైతే నా చేతిలోంచి లాక్కునేది.

వెనక గది చూపించాను. తలుపు దగ్గర నిలబడి చూసింది. మంచం చూసింది, దోమతెర చూసింది. లోపలికి వెళ్ళి ట్రంకు మీద చెయ్యి వేసింది. "శుభ్రంగా ఉంది," అంది. మా పడగ్గది వైపు కూడా తొంగి చూసి, కిటికీకి కట్టిన పెద్దద్దాన్ని చూసి, "తాడు ఆ పక్క కాస్త వదులుగా ఉంది, చూసుకో," అంది. నేను చూశాను. నిజంగానే వదులుగా ఉంది.

"ఇది మీ గది వదినా. ఆ రోజు నేనన్నది..." అని మొదలుపెట్టాను.

"పోనీలే అమ్మాయ్. నువ్వు మాట్లాడితే నేనెలాగూ గెలవను," అని నవ్వింది.

అది నవ్వే. నాకు మాత్రం ఆ నవ్వు ముందు తల ఎత్తబుద్ధి కాలేదు. నాతో వాదించి ఓడిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాదించకుండా వదిలేసింది ఆమె ఒక్కతే.

ఎండ తగ్గాక లేచింది. మా ఆయన, "అదేంటి, ఉంటావనుకున్నానే! బట్టలు తెచ్చుకోలేదా?" అన్నారు. "పట్టుబడి కాలేదురా ఇంకా," అంది. ట్రంకులోంచి ఆ చిరిగిన బొంత ఒక్కటి తీసి చంకన పెట్టుకుంది. గుమ్మం దగ్గర నేను జాకెట్టు గుడ్డ, రెండు పళ్ళు చేతిలో పెట్టాను. ఆమె తెచ్చిన పళ్ళలోవే. చేయి అలవాటుగా చేసేసింది ఆ పని. ఆమె కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకుంది.

ఆటో వచ్చింది. ఎక్కుతూ, పడిపోకుండా ఒక చేత్తో చువ్వ పట్టుకుని, నా వైపు తిరిగింది.

"ఈసారి వచ్చేటప్పుడు ముందుగా కబురు చేసి వస్తానమ్మాయ్. నీకు ఇబ్బంది లేకుండా."

ఒక్క మాట అంటే చాలు. మీ ఇంటికి మీరు రావడానికి కబురేంటి వదినా అని. నోటి దాకా రావలసిన మాట అదే. మాట తడుముకోవడం ఎరగని దాన్ని, అడగకుండానే పది మాటలనే దాన్ని. ఎవరైనా చుట్టాలు వెళ్తూ అలా అంటే ఎప్పుడూ ఏమంటానో అదే, మర్యాదగా, నవ్వుతూ, నా నోరు దానంతటదే అనేసింది.

"అలాగే వదినా. చెప్పి రండి."

అన్నాక విన్నాను. ఆమె తలూపింది. ఆటో కదిలింది.